తోడు వేసిన లావెండర్ నూనె

ల్యాబ్ కోటు కొత్తగా తొడుక్కున్న పిల్లలూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. దొంగను పట్టుకోవాలని ఒకసారి నేను నాచారం నుంచి ఉప్పల్ దాకా, ఉప్పల్ నుంచి నాచారం దాకా పరుగులు పెట్టాను. చివరికి పట్టుకున్నాను కూడా. పట్టుకుని చూస్తే అది నా చెయ్యే! ఇప్పటికీ ఆ వారం తలుచుకుంటే కూర్చున్న కుర్చీలో కుదురుగా ఉండలేను. మా ఇంట్లోవాళ్లు ఈ కథ వందసార్లు విన్నారు, ఇక వినం పొమ్మన్నారు. మీకు తప్పదు.

నాచారం పారిశ్రామికవాడలో ముఖానికీ ఒంటికీ రాసుకునే క్రీములు చేసే కంపెనీ మాది. అందులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి, నాణ్యత విభాగానికి పెద్దగా రిటైరయ్యాను. నా సంతకం లేనిదే ఒక్క ట్యూబు కూడా గేటు దాటేది కాదు. మిషన్లు చూసేవి మిషన్లే చూసేవి. ఆఖరున ప్రతి బ్యాచ్ క్రీమునూ నేను ముంజేతికి రాసుకుని వాసన చూసేదాన్ని. "మేడమ్ ముక్కు" అంటే ఫ్యాక్టరీ అంతా హడల్. ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఎంత మురిసిపోయేదాన్నో! ఇక అప్పట్లో నాకు పౌడర్ల పిచ్చి, సెంట్ల పిచ్చి, తలలో మూరెడు మల్లెపూలు లేనిదే ఇల్లు కదలని పిచ్చి. మేడిపల్లిలో నేను బస్సెక్కితే ఉప్పల్‌లో దిగేదాకా బస్సంతా నా వాసనే అని మా ఆయన ఎగతాళి చేసేవారు.

నాకొక నియమం ఉండేది. సెంటు గదిలో అడుగు పెట్టను. క్రీములో కలిపే సువాసన నూనెలన్నీ ఉండే గది అది, మా ల్యాబ్ వెనకే, రేకుల షెడ్డులో. అక్కడికి వెళ్తే ముక్కు మొద్దుబారుతుందని నా వాదన. సంగీత విద్వాంసులు గొంతు కాపాడుకున్నట్టు నేను ముక్కు కాపాడుకునేదాన్ని. ఏం పొగరో చూడండి.

సెంటు గదికి యజమాని అని చెప్పదగ్గవాడు మామ. నాగారం మనిషి, ఇంట్లో రెండు బర్రెలు, నాకంటే ముందు నుంచీ కంపెనీలో ఉన్నవాడు. చిన్నా పెద్దా అందరికీ మామే. చాలా ఏళ్ల కిందట ఒక చలికాలం, లావెండర్ క్రీము బ్యాచ్‌ను నేను వరసగా మూడుసార్లు తిప్పికొట్టాను. వాసన కిందటి బ్యాచ్‌లా లేదని.

"ఏంది మామా ఇది? నిన్నటి వాసనకు, ఇయ్యాల్టి వాసనకు పొంతనే లేదు. వాసన మారిందంటే నేను సంతకం పెట్టేది లేదు, చెప్తున్న!" అని గుమ్మం బయటి నుంచే కేకలేశాను.

"కొత్త డబ్బా నూనె మేడమ్, కొంచెం తేడా ఉంటది" అన్నాడు పాపం.

"తేడా ఉండొద్దు!"

అంతే. ఆ తర్వాత ఎన్నేళ్లయినా లావెండర్ క్రీము వాసనలో వెంట్రుకవాసి తేడా రాలేదు. గట్టిగా అడిగితే పని ఎందుకు కాదు అని మీటింగుల్లో చెప్పుకుని తిరిగాను. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

కరోనా తగ్గి మాస్కులు జేబుల్లోకి వెళ్లిన ఏడాది, ఎండాకాలం. ప్యాకింగ్ లైన్‌లో అక్క అని ఒకామె ఉండేది. నాకంటే పదేళ్లు చిన్నదే, కానీ లైన్ అంతా అక్క అంటుంది కాబట్టి నేనూ అక్కే అనేదాన్ని. పాత ఉప్పల్ ఊరామె. వాళ్ల పెద్దలు వరి పండించిన చోట ఇప్పుడు ఏదో షోరూమ్ ఉందని నవ్వుతూ చెప్పేది. ట్యూబు మూత బిగించడంలో ఆమె చేతులు ఎంత చురుకో! పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీదే. నొక్కుకుపోయిన ట్యూబులు అమ్మకానికి పనికిరావని లైన్‌వాళ్లకే ఇచ్చేసేవాళ్లు. అక్క రోజూ ముఖానికీ మెడకూ మా లావెండర్ క్రీమే రాసుకునేది. మా కంపెనీకి అంతకంటే నమ్మకమైన కస్టమర్ లేదు.

ఆమెకు మెడ మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. తర్వాత బుగ్గలు, తర్వాత వేళ్ల సందులు. దవాఖానాలో ఇచ్చిన పూత మందుకు తగ్గేది, మళ్లీ లేచేది. ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌కు వెళ్తే పొడుగు బల్ల ఒక చివర అక్క ఒక్కతే కూర్చుని తింటోంది. మిగతావాళ్ల టిఫిన్ డబ్బాలన్నీ రెండో చివరకు జరిగిపోయాయి. నన్ను చూసి లేచింది.

"మేడమ్, నాకేమన్న అంటురోగమా? జర మీరన్న చెప్పున్రి వాళ్లకు. పన్నెండేండ్లు ఒక్క కాడ కూసొని తిన్నం. ఇయ్యాల మామిడికాయ తొక్కు పెడితే ఎవ్వరు ముట్టుకుంటలేరు."

ఆ సాయంత్రమే మేనేజర్ గారు నన్ను పిలిచారు. విజయవాడ వైపు మనిషి, మర్యాదస్తుడు, ఎవరినీ ఒక మాట అనరు. అందుకే ఆయన చెప్పే చెడ్డ వార్త మరీ మెత్తగా దిగుతుంది.

"మేడమ్, ఇంకో పది రోజుల్లో బయటి కంపెనీవాళ్లు తనిఖీకి వస్తున్నారండీ. చర్మవ్యాధి ఉన్న మనిషిని లైన్‌లో చూస్తే ఏమనుకుంటారు? వచ్చే శనివారంతో ఆపేద్దామని చెప్పేశాను."

"అది మన క్రీము పడక వచ్చిందేమోనండీ?"

"మీరే కదండీ అన్ని బ్యాచ్‌లకూ సంతకం పెట్టింది?"

పెట్టింది నేనే. అంతకుముందు ఇద్దరు ముగ్గురు కస్టమర్లు మంట, దురద అని రాస్తే, "మా పదార్థాలన్నీ పరిమితికి లోబడే ఉన్నాయి, ముందు మోచేతి మడతలో రాసి చూసుకోండి" అని టకటకా జవాబులు పంపింది కూడా నేనే. ఇప్పుడు అక్క ఉద్యోగానికి వారమే గడువు. ఆమె ఒంట్లో రోగమా, మా ట్యూబులో రోగమా, శనివారంలోగా తేలాలి.

సోమవారం పొద్దున్నే అక్కను పెద్ద దవాఖానాలో చర్మ విభాగానికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ చిన్నపిల్లే, కానీ గట్టిది. క్రీములో ఏమేం కలుపుతారో అన్నీ విడివిడిగా తెమ్మంది. మధ్యాహ్నానికల్లా లావెండర్ నూనె సహా పదకొండు చిన్న సీసాలు, ఒక క్రీము ట్యూబు తీసుకెళ్లాను. ఒక్కో చుక్కను కావలసినంత పలచన చేసి, అక్క వీపు మీద వరసగా అంటించి పట్టీలు వేసింది. చర్మానికి ఏది పడదో అక్కడ ఎర్రబడుతుంది. బుధవారం ఒకసారి, శుక్రవారం మళ్లీ ఒకసారి చూడాలి. అప్పటిదాకా వీపు తడవకూడదు. ఆ ఎండల్లో!

బుధవారం ఏమీ లేదు. శుక్రవారం డాక్టరమ్మ వీపంతా వేలితో తడిమి చూసి తల అడ్డంగా ఊపింది.

"పదకొండింటిలో ఒక్కదానికీ లేదు మేడమ్. తయారైన క్రీము రాసిన చోట కొంచెం పింక్‌గా ఉంది కానీ, అలర్జీ అని రాసేంత లేదు. లావెండర్ మీదే నాకు అనుమానం ఉండె. దానికీ శుభ్రంగా ఉంది."

సంతోషించాలా, ఏడవాలా? క్రీము గెలిచింది. అంటే అక్క ఓడింది. వరండాలో బెంచీ మీద ఇద్దరం కూలబడ్డాం. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏం తోచక డాక్టరమ్మ తిరిగిచ్చిన సీసాలు సంచిలో సర్దుతున్నాను. లావెండర్ సీసా మూత సరిగ్గా పడలేదు, వాసన గుప్పుమంది.

అక్క చటుక్కున తల తిప్పింది.

"మేడమ్, గిదేంది?"

"లావెండర్ నూనె అక్కా. మన క్రీముల ఏసేదే."

సీసా నా చేతిలోంచి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. దూరం జరిపింది. మళ్లీ పెట్టుకుంది.

"గిది మనది కాదు."

"మనదే అక్కా, నేనే తెచ్చిన."

"కాదు మేడమ్! పన్నెండేండ్ల సంది ముఖానికి రాస్తున్న, నాకు తెల్వదా? మనదాంట్ల వెనుక జర పులుపు కొడ్తది. గిది పచ్చిగుంది, ఆకు నలిపినట్టు."

నేనూ వాసన చూశాను. ఓరి నాయనో! పచ్చిగా ఉంది! ఆ పులుపు లేదు! ముప్పై ఏళ్ల నా ముక్కు, నా గొప్ప ముక్కు, ఇంతకాలం ఏం చేస్తున్నట్టు? నిజం చెప్పాలంటే డబ్బా నూనెకు నేను ముక్కే పెట్టలేదు. సీలు తీసిన కొత్త డబ్బాలోంచి ల్యాబ్ పిల్లలు నమూనా తెచ్చి మిషన్‌లో పెట్టేవాళ్లు, బాగుందని కాగితం వచ్చేది. నేను వాసన చూసేది క్రీముకు మాత్రమే, అదీ కిందటి బ్యాచ్ క్రీముతో పోల్చి. డాక్టరమ్మకు తెచ్చిన సీసా కూడా ఆ సీలు తీసిన డబ్బాదే. మరి డబ్బాకూ క్రీముకూ మధ్య ఏం జరుగుతోంది?

"లే అక్కా, లే! ఆటో!"

ఆ ఆటోలో నేను కూర్చోలేదు, సీటు అంచున వేలాడాను. ఉప్పల్ చౌరస్తాలో ట్రాఫిక్ ఆగితే డ్రైవర్ మీద అరిచాను. అతను వెనక్కి తిరిగి, "ఏం జేయాలమ్మా, ఎగిరిపోవాల్నా?" అన్నాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి అక్క నవ్వింది.

తిన్నగా సెంటు గదికి వెళ్లాను. గుమ్మం దగ్గర కాలు ఒక్క క్షణం ఆగింది, అలవాటు. దాటేశాను. లోపల రేకుల వేడి, పది రకాల వాసనలు కలిసి తల తిరిగిపోయింది. మామ గాబరాగా లేచాడు.

"అరె, మేడమ్! మీరేంది గిట్లొచ్చిన్రు? చెప్పి పంపిస్తె నేనే రాకపోదునా?"

"మామా, లావెండర్ కొత్త డబ్బా వస్తే నువ్వేం చేస్తవ్?"

"ఏం చేస్త? గీ స్టీలు డ్రమ్ముల పోస్త. నల్లా తిప్పి ఎంత కావాల్నంటే గంత వట్టుకుంట."

"డ్రమ్ము కడుగుతవా?"

మామ నా తెలివితక్కువతనానికి జాలిపడ్డాడు. "కడిగితే ఎట్ల మేడమ్? అడుగున మూడు నాలుగు లీటర్లు పాతది ఉంచుత. దాని మీదనే కొత్తది పోస్త. పెరుగుకు తోడెయ్యమా? గట్లనే. గప్పుడే కొత్తదానికి గూడ పాత వాసన వట్టుకుంటది. నా ఇంట్ల పెరుగు మా అమ్మ నాటి సంది గదే తోడు."

"ఎన్ని రోజులకెళ్లి చేస్తున్నవ్ ఇట్ల?"

"మీరే కద మేడమ్, వాసన మారితే సంతకం పెట్టనన్నరు? ఆ చలికాలం. గప్పటి సందే."

ఏమీ దాచుకోకుండా, కొంచెం గర్వంగా కూడా చెప్పాడు. అన్నేళ్లు నా మెప్పు కోసం చేసిన పని కదా.

ఇక్కడ ఒక్క ముక్క శాస్త్రం. లావెండర్ నూనెలో వాసననిచ్చే ముఖ్య పదార్థం తాజాగా ఉన్నప్పుడు చాలామంది చర్మానికి ఏమీ చేయదు. గాలి తగిలి, వేడికి నిలవ ఉండేకొద్దీ అది మారుతుంది. అలా మారినదే చర్మానికి పడదు. పైగా పాడైన నూనె కొత్త నూనెను కూడా తొందరగా పాడు చేస్తుంది. రేకుల షెడ్డు, రోజుకు పదిసార్లు తెరిచే మూత, అడుగున ఏళ్ల తరబడి ఎప్పుడూ ఖాళీ కాని పాత నూనె. మామ పెరుగు ఎంత బాగా తోడుకుందో ఆలోచించండి.

శనివారం పొద్దున. అక్కకు ఆఖరి రోజు. ల్యాబ్‌లో రెండు గాజు ఫ్లాస్కులు పెట్టాను. ఒకదానిలో కొత్త డబ్బా నూనె, ఇంకోదానిలో మామ డ్రమ్ము నూనె. మేనేజర్ గారిని పిలిపించాను. గుమ్మం దగ్గర మామ, అక్క. రెండింటిలోనూ ఒకే మందు ఒకే కొలతలో పోశాను. నూనె గాలికి ఎంత పాడైతే రంగు అంత ముదురుతుంది, అదీ పరీక్ష. ఫ్లాస్కులు చీకటి అలమారలో పెట్టి తలుపేశాను. కాసేపు ఆగాలి. నేను ఆగగలనా? గడియారం చూస్తూ ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే, "కూర్చోండి మేడమ్, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అన్నారు మేనేజర్ గారు.

తలుపు తీశాను. కొత్త నూనె లేత పసుపు, ఉందా లేదా అన్నట్టు. డ్రమ్ము నూనె చిక్కటి డికాక్షన్!

"చూశారా! చూశారా!" అని గంతులేసినంత పని చేశాను. యాభై ఏడేళ్ల మనిషిని. ఆ రంగు పోగొట్టడానికి గొట్టంలోంచి ఇంకో మందు చుక్కచుక్కగా వదలాలి. ఎన్ని ఎక్కువ చుక్కలు పడితే నూనె అంత పాడైనట్టు. కొత్తదానికి కొన్ని చుక్కలు చాలాయి. డ్రమ్ముదానికి గొట్టం ఖాళీ అయింది, మళ్లీ నింపాను, అయినా రంగు పోలేదు. మేనేజర్ గారి మొహంలో రంగు మాత్రం పోయింది.

"మార్కెట్లో ఉన్న సరుకు సంగతి?" అన్నారు నెమ్మదిగా.

"అంతా వెనక్కి రావాలండీ. ఒక్క ట్యూబు కూడా ఉండొద్దు."

ఆయన ఫోను పట్టుకుని బయటికి వెళ్లారు. అరగంట తర్వాత తిరిగొచ్చి, "రప్పిస్తున్నారు" అని కుర్చీలో కూలబడ్డారు. తర్వాత నా ముందుకు ఒక ఫారం జరిపారు. జరిగిన పొరపాటు, దానికి కారణం, బాధ్యులు. "సెంటు గది మనిషి అని రాయండి మేడమ్. సూచనలు పాటించలేదు అని. ఎలాగూ రిటైర్మెంటు దగ్గరే కదా ఆయనకి."

గుమ్మం దగ్గర మామ తల దించుకుని నిలబడ్డాడు. నిన్న అన్న "మీరే కద మేడమ్" మాట మళ్లీ అనలేదు. అది నాకు చెంపదెబ్బలా తగిలింది.

అబద్ధం చెప్పను, పెన్ను ఆగింది. ముప్పై ఏళ్ల పేరు. మేడమ్ ముక్కు. మామ పేరు రాస్తే ఎవరూ కాదనరు. కానీ అడుగు దూరంలో ఉన్న గదిలోకి ముక్కు మొద్దుబారుతుందని ఏళ్ల తరబడి వెళ్లనిది ఎవరు? తేడా ఉండొద్దని అరిచి, తేడా ఎలా పోయిందని ఒక్కసారైనా అడగనిది ఎవరు? బాధ్యులు అన్న గడిలో నా హోదా రాసి సంతకం పెట్టాను. ఆ ఏడాది నాకు ఇంక్రిమెంటు రాలేదు, మెమో వచ్చింది. దాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను.

సోమవారం డ్రమ్ము నూనెతో అక్కకు మళ్లీ పట్టీ వేశారు. బుధవారానికల్లా ఆ ఒక్కచోట గుండ్రంగా ఎర్రగా పొంగింది. డాక్టరమ్మ అది చూసి "పట్టుబడింది!" అని చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. అక్క మాత్రం వీపు గోక్కోలేక "మీకు మస్తు కుషీగుందమ్మా" అని తిట్టింది. నిజమే, సిగ్గేసింది.

మరుసటి రోజు క్యాంటీన్‌లో నేను బల్ల పక్కన నిలబడి అందరికీ చెప్పాను. అక్కకు వచ్చింది అంటురోగం కాదని, మన క్రీము వల్ల వచ్చిందని, తప్పు నాదని. ముందు ఒక టిఫిన్ డబ్బా అక్క వైపు జరిగింది, దాని వెనక ఇంకోటి. ఎవరో చెయ్యి చాపి "అక్కా, తొక్కు ఇటియ్యి" అన్నారు. అక్క ఉద్యోగం నిలిచింది. క్రీము తగలని చోట, నూనె డబ్బాలు దించుకునే స్టోరులో వేశారు. స్టీలు డ్రమ్ము పోయింది, నూనె చిన్న డబ్బాల్లోనే వాడి, మిగిలితే పారబోయడం మొదలైంది. ప్రతి డబ్బా తెరవగానే వాసన చూసి సంతకం పెట్టేది అక్కే. దూరం నుంచే, ఒంటికి తగలకుండా అయితే ఫరవాలేదని డాక్టరమ్మ అన్నాకే. మామ డబ్బాల మీద పెయింటుతో పెద్దపెద్ద అక్షరాల్లో "తోడు వెయ్యరాదు" అని రాశాడు. తనిఖీకి వచ్చినవాళ్లు అర్థం కాక ఫొటో తీసుకుపోయారు.

ఒక్కటి మాత్రం బాగుపడలేదు. అలాంటి అలర్జీ ఒకసారి ఒంటికి పట్టిందంటే మళ్లీ పోదు. డాక్టరమ్మ అక్కకు ఒక కార్డు రాసిచ్చింది. సెంటు ఉన్న సబ్బు వద్దు, పౌడర్ వద్దు, తలనూనె వద్దు, బతికినంతకాలం. ఇంట్లో పెళ్లయినా పన్నీరు చల్లేచోటికి పోవద్దు. అక్క ఆ కార్డును తెలుగులో నాతో చదివించుకుని, మడిచి జాకెట్లో పెట్టుకుంది. "సరే తియ్" అంది.

నేను రిటైరైన రోజు క్యాంటీన్‌లోనే సభ. శాలువా కప్పారు, మెడలో పెద్ద దండ వేశారు, కుర్రకారు హుషారుగా పన్నీరు చల్లారు. మామ అప్పటికే రిటైరైపోయినా నాగారం నుంచి కుండెడు పెరుగు తెచ్చి, "దీనికైతే తోడేసిన మేడమ్, ఫికర్ జెయ్యకున్రి" అని అందరినీ నవ్వించాడు. వరసగా ఒక్కొక్కరూ వచ్చి చేతులు కలిపారు. అక్క మాత్రం తలుపు దగ్గరే ఆగిపోయింది. రావాలని ఉంది, రాలేకపోతోంది. పన్నీరు.

దండ తీసి కుర్చీలో పెట్టాను. పన్నీరు పడ్డ శాలువా తీసేశాను. నల్లా దగ్గరికి వెళ్లి మొహం, మెడ, మోచేతుల దాకా కడుక్కుని, చీర చెంగు తడవని వైపుతో తుడుచుకుని తలుపు దగ్గరికి నడిచాను. అక్క రెండు చేతులా పట్టుకుని దగ్గరికి తీసుకుంది. నా భుజం మీద ముక్కు పెట్టి, అలవాటు ప్రకారం, గట్టిగా ఒకసారి పీల్చింది. కార్డు రాసిన రోజు నుంచి నా ఇంట్లో పౌడర్ డబ్బా లేదు, సెంటు సీసా లేదు, తలలో పువ్వు లేదు. మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చుని తినాలి కదా. ఆ సంగతి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

"ఏం వాసన లేదు మేడమ్" అంది అక్క. "నాకు ఎప్పటి సందో ఎరుకే."